కార్డు మీద లేని పదో వచనం

మా అమ్మ మంచం పక్కన గోడకు ఒక మేకు ఉంది. మొదట్లో దానికి సెలైన్ సీసా వేలాడేది. ఇప్పుడు వాగ్దానం కార్డు వేలాడుతోంది. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో పెరిగినవాళ్ళకు వాగ్దానం కార్డంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు. డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసి కొత్త సంవత్సరం మొదలవగానే పళ్ళెంలో బోర్లా పరిచిన కార్డుల్లోంచి ఒక్కొక్కరూ ఒకటి తీసుకుంటారు. దాని మీదున్న బైబిలు వచనం ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. ఇక ఏడాది పొడుగునా అది ఫ్రిజ్ తలుపు మీదో, బీరువా అద్దం మూలనో ఉంటుంది.

ఆ ఏడాది అమ్మకు వచ్చింది యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం. సూర్యోదయం బొమ్మ మీద పసుపు అక్షరాలు. దేవుడు తలపెట్టినవి "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని. ఆరు వారాలు తిరగకుండా అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, సగానికి పైగా మాట పోయాయి.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున అక్క ఆ కార్డును ఫ్రిజ్ మీద నుంచి తీసి, అమ్మకు కనబడేలా మేకుకు తగిలించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పైకి ఏమీ అనలేదు గానీ, రాత్రి అమ్మ నిద్రపోయాక ఫోనులో ఆ అధ్యాయం తీశాను. భక్తితో కాదు, తగువు పెట్టుకుందామని. ఎదుటి పక్షం దాఖలు చేసిన కాగితాల్లో లొసుగు వెతికే ప్లీడరులా చదివాను.

దొరికింది. కార్డు మీద అచ్చయిన పదకొండో వచనానికి సరిగ్గా ముందు, పదో వచనంలో, "డెబ్బది సంవత్సరములు" అని ఉంది.

సంగతి ఇది. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మీద పడి, చిన్న వయసులో ఉన్న రాజును, రాజమాతను, అధికారులను, కంసాలులను, కమ్మరులను చెరపట్టి తీసుకుపోయాడు. ఊళ్ళో మిగిలిపోయిన యిర్మీయా ప్రవక్త ఆ చెరలో ఉన్నవాళ్ళకు ఒక ఉత్తరం పంపాడు. 29వ అధ్యాయం ఆ ఉత్తరమే. అందులో మొదట ఉన్నది ఓదార్పు కాదు, పనుల జాబితా. ఇళ్ళు కట్టుకోండి, వాటిలో కాపురం ఉండండి. తోటలు నాటుకోండి, వాటి పళ్ళు తినండి. పెళ్ళిళ్ళు చేసుకోండి, మీ పిల్లలకూ చేయండి. ఏ ఊరికి మిమ్మల్ని పట్టుకుపోయారో ఆ ఊరి క్షేమం కోరుకోండి, అది బాగుంటేనే మీరూ బాగుంటారు. డెబ్బై ఏళ్ళ దాకా తిరిగి రావడం లేదు. ఇదంతా అయ్యాక వస్తుంది, కార్డు మీది వాక్యం.

డెబ్బై ఏళ్ళంటే ఆ ఉత్తరం చదివిన పెద్దవాళ్ళెవరూ తిరిగి రారని అర్థం. అందరూ కార్డుల మీద వేసుకునే ఆ మాట, మొదట విన్నవాళ్ళలో చాలామంది చావు కబురుతో కలిపి విన్న మాట. నేను గెలిచాననుకున్నాను. పొద్దున్నే అక్కకు చూపిద్దామనుకున్నాను. తెల్లవారేసరికి మాత్రం ఇంకో ఆలోచన పట్టుకుంది. చెరలో ఉన్నవాడికి తోట నాటుకోమని చెప్పడం ఎలాంటి ధైర్యం చెప్పడం?

అప్పటికి మా ఇంటికి చూడవచ్చేవాళ్ళు మొదలయ్యారు. మా బాబాయి మంచి మనిషి. వచ్చిన ప్రతిసారీ, "రెండు నెలలు! రెండే నెలలు! వదిన లేచి వంట చేస్తుంది, చూడు" అనేవాడు. రెండు నెలలు గడిచాయి, మళ్ళీ రెండు నెలలన్నాడు. ఆయన మాట విన్న రోజున అమ్మ ఉత్సాహంగా కాలు కదపడానికి ప్రయత్నించేది. మర్నాడు ముఖం గోడవైపు తిప్పుకునేది.

యిర్మీయా గ్రంథంలో మా బాబాయి ఉన్నాడు. 28వ అధ్యాయంలో, పేరు హనన్యా, గిబియోను ఊరి ప్రవక్త. యిర్మీయా అప్పుడు మెడ మీద కొయ్య కాడి వేసుకుని తిరుగుతున్నాడు, బబులోను కాడి ఇప్పట్లో తప్పదని జనానికి కళ్ళకు కట్టేలా. హనన్యా ఆలయంలో అందరి ముందు, రెండేళ్ళలో అంతా సర్దుకుంటుందని, పట్టుకుపోయిన ఆలయ పాత్రలతో సహా అందరూ వెనక్కి వస్తారని ప్రకటించాడు. ఈ సన్నివేశంలో నాకు బాగా నచ్చింది యిర్మీయా జవాబు. "ఆమేన్" అన్నాడు. అలాగే జరగాలని నేనూ కోరుకుంటున్నాను అన్నాడు. వెక్కిరింపు కాదది, మనసారా అన్నాడనే నేను నమ్ముతాను. ఆ తర్వాత హనన్యా ఆ కాడిని లాగి విరగ్గొట్టినా గొడవ పడకుండా తన దారిన తాను వెళ్ళిపోయాడు. దేవుడి మాట మళ్ళీ వచ్చాకే తిరిగి వచ్చి చెప్పాడు: నువ్వు విరిచింది కొయ్య కాడి, దాని బదులు ఇనుప కాడి తెచ్చిపెట్టావు అని.

ఆనాటి నుంచి బాబాయి రెండు నెలలన్నప్పుడల్లా నేను "అలాగే కానీ బాబాయ్" అని ఊరుకుంటున్నాను. కానీ నా వాదన మాత్రం ఇది. కష్టంలో ఉన్నవాడికి గడువు చెప్పి ఊరించేవాడు వాడి కొయ్య కాడిని ఇనుప కాడి చేస్తున్నాడు. ఈ గ్రంథాలు చెప్పే ధైర్యం గడువుల్లో లేదు. ఇవాళ్టికి సరిపడేంత కొలిచి పెట్టడంలో ఉంది. వచనాన్ని ముందూ వెనకా కత్తిరించి బొమ్మ మీద అచ్చువేసినప్పుడు మనం పోగొట్టుకునేది సరిగ్గా ఆ కొలతనే.

ఇంకో సంగతి తెలుగువాళ్ళకే ప్రత్యేకం. ఆ వచనంలో "మిమ్మును", "మీకు" అని ఉంటుంది. అమ్మ దాన్ని దేవుడు తనకిచ్చిన మన్నన అనుకునేది. పెద్దావిడ కదా, మీరు అన్నాడు. కానీ మన బైబిల్లో దేవుడు ఒక్కరితో మాట్లాడితే నీవు అనే అంటాడు, ఎంత పెద్దవాడితోనైనా. మోషే తర్వాత జనానికి నాయకుడైన యెహోషువతో అన్నది "నిబ్బరముగలిగి ధైర్యముగా నుండుము" అనే, ఉండుడి అని కాదు. యిర్మీయా ఉత్తరంలోని "మీరు" మన్నన కాదు, బహువచనం. మాట ఇచ్చింది ఒక జనానికి, ఒక మనిషికి కాదు. ఒంటరిగా మంచం మీద పడుకుని చదివితే ఆ మాట బరువు ఎత్తలేం. అది పదిమంది కలిసి ఎత్తే బరువు.

ఇక్కడినుంచే నేను ఆ పుస్తకాలను వాటి సొంతదారులు ఎలా చదువుతారో చూడటం మొదలుపెట్టాను. బైబిలు మొదటి భాగాన్ని మనం పాత నిబంధన అంటాం, యూదులకు అది పాతది కాదు. వాళ్ళకది తనఖ్: తోరా, నెవియీమ్, కెతువీమ్, అంటే ధర్మశాస్త్రం, ప్రవక్తలు, తక్కిన గ్రంథాలు, మూడింటి మొదటి అక్షరాలూ కలిపిన మాట. (గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిం అని చెప్పుకుని యూదు ధర్మం పాటించే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అంత దగ్గర్లో ఉన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.) తోరాను వాళ్ళు 54 భాగాలు చేసి వారానికింత చొప్పున ఏడాదిలో పూర్తి చేస్తారు. ఏ వచనం కావాలో ఏరుకునే వీల్లేదు, వారం వచ్చిందంటే ఆ వారం భాగం చదవాల్సిందే. వంశావళులు వస్తే వంశావళులు, కుష్ఠు రోగం విధులు వస్తే అవే. పళ్ళెంలోంచి కార్డు తీయడానికి ఇది పూర్తిగా ఎదురు పద్ధతి.

అలా చదువుతూ ఉంటే, నిర్గమకాండం ఆరో అధ్యాయంలో నేను ఎన్నోసార్లు దాటిపోయిన వాక్యం ఒకటి ఆపేసింది. మోషే ఐగుప్తులో (ఈజిప్టులో) బానిసలుగా ఉన్న తన జనం దగ్గరకు వెళ్ళి, దేవుడు మిమ్మల్ని విడిపిస్తాడని, సొంత దేశానికి తీసుకుపోతాడని చెబుతాడు. అంతకంటే గొప్ప వాగ్దానం ఆ గ్రంథం మొత్తంలో లేదు. వాళ్ళు వినలేదు. ఎందుకు? మన తెలుగు అనువాదం "మనోవ్యాకులము" వల్ల అంటుంది. హీబ్రూలో ఉన్న మాట కోత్సెర్ రూవహ్, ఊపిరి పొట్టిదైపోవడం. 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషి దీన్ని అక్షరాలా తీసుకున్నాడు: కష్టంలో ఉన్నవాడికి ఊపిరి కురచ, నిండుగా గాలి పీల్చుకోలేడు.

ఇందులో తిట్టు లేదు. అవిశ్వాసులని ముద్ర లేదు. పని భారంతో ఊపిరి ఆడనివాడికి మంచి మాట చెవికెక్కదని ఒప్పుకోవడం మాత్రమే ఉంది. తర్వాత దేవుడు ఏం చేశాడో చూడండి. వాళ్ళకు ఇంకో ప్రసంగం చేయమనలేదు. ఐగుప్తు రాజు ఫరో దగ్గరకు వెళ్ళి మాట్లాడమన్నాడు, అంటే బరువు మోపినవాడి దగ్గరకు. మా ఇంటికి వచ్చి గంటసేపు ధైర్యం చెప్పి వెళ్ళినవాళ్ళందరినీ తలుచుకుంటే, "ఈ రాత్రికి నేను కూర్చుంటాను, నువ్వు పడుకో" అన్నవాళ్ళు ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దరికీ వచనాలు రావు.

మోషే కూడా ఈ విషయంలో మొదట్లోనే దేవుణ్ణి నిలదీశాడని, యూదు గురువుల చర్చల గ్రంథమైన తాల్మూద్‌లో రబ్బీలు, అంటే ఆ గురువులు, ఒక ముచ్చట చెబుతారు. మండుతున్న పొద దగ్గర దేవుడు తన పేరు ఎహ్యె అషెర్ ఎహ్యె అంటాడు. మన బైబిల్లో "నేను ఉన్నవాడను అను వాడనైయున్నాను". మాట మాటగా చూస్తే, ఉంటాను, ఉండేవాడిగా ఉంటాను. వెంటనే, నన్ను ఎహ్యె పంపాడని చెప్పు అంటాడు. రెండుసార్లున్న మాట ఒక్కసారికి ఎందుకు కుదించుకుపోయింది? తాల్మూద్‌లోని బెరఖోత్ అనే భాగంలో దీనికి వాళ్ళ వివరణ: దేవుడన్నాడు, ఈ బానిసత్వంలో మీకు తోడుంటాను, రాబోయే బానిసత్వాల్లోనూ తోడుంటానని చెప్పు. మోషే అన్నాడు, ప్రభూ, ఏ కష్టం ఆ వేళకు చాలదా? రాబోయేవి ఇప్పుడే చెప్పాలా? దేవుడు ఒప్పుకున్నాడు. సరే, ఒక్క ఎహ్యె చాలు.

దేవుడి నోట మాటను మనిషి సగానికి తగ్గించాడు, అదీ విన్నవాళ్ళ మీద జాలితో! నాకు ఈ కథ తెలిసిన వారంలోనే, మా డాక్టరుగారు రాబోయే అయిదేళ్ళలో ఏమేం కావచ్చో వరసగా చెప్పబోతే, ఈ నెలకు ఏం చేయాలో అదొక్కటీ చెప్పండి అని అడిగాను. ఆయన ఒక్క క్షణం చూసి, చీటీ మీద మూడు వ్యాయామాలు రాసిచ్చారు.

ఐగుప్తు విడిచి వచ్చిన జనానికి ఆకాశం నుంచి రాలిన ఆహారం, మన్నా సంగతీ అంతే. అరణ్యంలో నలభై ఏళ్ళు ఏ రోజుది ఆ రోజే రాలింది, దాచుకుంటే పురుగు పట్టింది, శుక్రవారం ఏరిన రెట్టింపు తప్ప. ఏడాదికోసారి ఎందుకు ఇవ్వలేదని శిష్యులు రబ్బీ షిమోన్ బర్ యోహాయిని అడిగారట. ఆయన రాజకుమారుడి కథ ఒకటి చెప్పాడు, ఏడాది బత్తెం ఒకేసారి ఇస్తే కొడుకు ఏడాదికోసారే ముఖం చూపిస్తాడని. అది అందరూ చెప్పుకునేది. తాల్మూద్ దాని పక్కనే ఇంకో రెండు కారణాలు కూడా ఇస్తుంది, నాకు అవే ఇష్టం. ఒకటి, వేడివేడిగా తినడానికి. రెండోది, దారిలో మోత బరువు లేకుండా.

ఇక ఏలీయా ప్రవక్త దగ్గరకు వస్తాను. నా మటుకు ఈ విషయంలో ఆ గ్రంథాలన్నిట్లోకీ ఎత్తయిన చోటు రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం.

ముందు అధ్యాయంలోనే ఆయన కర్మెలు కొండ మీద బయలు అనే వేరే దేవుడి ప్రవక్తలను నాలుగు వందల యాభై మందిని ఓడించాడు. ఆకాశం నుంచి నిప్పు దిగింది, మూడేళ్ళ కరువు తీరి వాన కురిసింది. అలాంటి మనిషి, రాణి యెజెబెలు చంపుతానని కబురు పంపగానే ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయాడు. బెయేర్షెబాలో పనివాణ్ణి వదిలేసి, ఒక్కడే ఎడారిలో రోజంతా నడిచి, ఒక చెట్టు కింద కూలబడి చావు కోరుకున్నాడు. మన అనువాదంలో అది "బదరీవృక్షము". బదరి అంటే రేగు, కాబట్టి చిన్నప్పుడు నేను ఆయన్ని మా బడి వెనక రేగు చెట్టు కింద ఊహించుకునేవాణ్ణి. హీబ్రూలో ఉన్నది రోతెమ్, ఎడారి పొద. తల దాచుకునేంత నీడ కూడా సరిగా ఇవ్వదు.

దూత వచ్చాడు. వచ్చి ఏమన్నాడు? లేచి తిను అన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాడు నీళ్ళు. ఏలీయా తిన్నాడు, మళ్ళీ పడుకున్నాడు. దూత పడుకోనిచ్చాడు! ఇంత గొప్ప ప్రవక్తవు, ఇలా పడుకుంటావా అనలేదు. రెండోసారి తట్టి లేపి మళ్ళీ తినమన్నాడు. ఈసారి కారణం చెప్పాడు: "నీ శక్తికి మించిన ప్రయాణము" ఉంది అని.

ఈ మాట దగ్గర ఆగండి. నువ్వు చేయగలవు అనలేదు. నీలో అంత బలం ఉంది, నీకే తెలియదు అనలేదు. ఇది నీ వల్ల కాదు, అందుకే అన్నం తిను అన్నాడు. మన కాలపు ప్రేరణ ఉపన్యాసకులు వింటే ఉద్యోగం మానేసుకుంటారు. అయిదో నెలలో ఒక రాత్రి నేను మా మేడమెట్ల మీద కూర్చుండిపోయాను. అమ్మ పక్కబట్టలు ఆ రోజు అప్పటికి మూడోసారి మార్చి వచ్చాను. పక్క వాటాలో ఉండే పిన్నిగారు తలుపు తీసి చూశారు. ఏమిటని అడగలేదు. లోపలికి వెళ్ళి గిన్నెలో పెరుగన్నం, అంచున మాగాయ ముక్క వేసుకుని వచ్చి, నా పక్కన మెట్టు మీద పెట్టి, మా ఇంట్లోకి వెళ్ళి అమ్మ దగ్గర కూర్చున్నారు. నేను తిని అక్కడే గోడకు ఆనుకుని నిద్రపోయాను. ఆవిడ నోములు నోచుకునే మనిషి, ఏలీయా ఎవరో తెలియదు.

ఏలీయా కథ అక్కడితో అయిపోదు. నలభై రోజులు నడిచి హోరేబు కొండ చేరాడు. "ఏలీయా, ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అని ప్రశ్న. అందరూ నిన్ను విడిచిపెట్టారు, నేనొక్కడినే మిగిలాను, నన్నూ చంపజూస్తున్నారని జవాబు. తర్వాత పెనుగాలి, భూకంపం, అగ్ని, చివర సన్నని నిశ్శబ్దపు స్వరం. ప్రసంగాల్లో అందరూ ఇక్కడ ఆగి కళ్ళు మూసుకుంటారు. నేను ఆ తర్వాత వాక్యం చూడమంటాను. మళ్ళీ అదే ప్రశ్న. ఏలీయా మళ్ళీ అదే జవాబు, అక్షరం పొల్లుపోకుండా. అంత దర్శనం అయ్యాక కూడా ఆయన గుండె అంగుళం కదల్లేదు. గ్రంథం ఈ సంగతి దాచలేదు. దేవుడు కూడా ఆయన మనసు మార్చే పని అక్కడితో విడిచిపెట్టి, మూడు పనులు చెప్పాడు, ఫలానా ఫలానా వాళ్ళను అభిషేకించమని. ఆ ముగ్గురిలో ఒకడు ఎలీషా, అంటే తోడు. ఇంకా ఏడు వేల మంది ఉన్నారు, నువ్వొక్కడివే కాదు అనే లెక్క చివర్లో, మాటవరసకు చెప్పినట్టు వస్తుంది.

యూదు సంప్రదాయం దీని మీద ఇంకో మలుపు తిప్పింది. నేనొక్కడినే మిగిలాను, నీ నిబంధనను అందరూ వదిలేశారు అని ఫిర్యాదు చేశావు కదా, అయితే ఇకనుంచి ప్రతి మగబిడ్డ సున్నతి వేడుకకూ నువ్వు హాజరు కావాలి అని ఒక ప్రాచీన మిద్రాష్‌లో, అంటే రబ్బీల వ్యాఖ్యాన గ్రంథంలో, దేవుడు అంటాడు. అందుకే ఆ వేడుకలో ఏలీయా కుర్చీ అని ఒకటి వేస్తారు. పస్కా పండుగ రాత్రి బల్ల మీద ఆయన కోసం ఒక గిన్నెడు ద్రాక్షారసం పోసి, తలుపు తెరుస్తారు. ఒంటరివాణ్ణని ఏడ్చిన మనిషికి పడిన శిక్ష, ప్రతి ఇంటి పేరంటానికీ వెళ్ళాలని!

పక్షవాతం వచ్చినవాళ్ళ చెయ్యి వేలాడితే భుజం కీలు జారుతుంది. కూర్చోబెట్టినప్పుడల్లా మోచేతి కింద దిండు పెట్టాలని ఫిజియోథెరపీ అమ్మాయి మొదటి రోజే చెప్పింది. ఆ దిండు సర్దుతున్నప్పుడల్లా నాకు నిర్గమకాండం 17వ అధ్యాయం గుర్తుకొచ్చేది. అమాలేకీయులతో యుద్ధం. మోషే చెయ్యి పైకెత్తితే ఇశ్రాయేలీయులు గెలుస్తారు, దించితే ఓడతారు. చేతులు బరువెక్కాయి. అప్పుడు కింద ఒక రాయి వేసి కూర్చోబెట్టి, ఒకవైపు అహరోను, ఒకవైపు హూరు పట్టుకున్నారు, పొద్దు వాలేదాకా. అక్కడ చేతులు "నిలుకడగా" ఉన్నాయని తెలుగులో ఉంది. హీబ్రూలో ఆ మాట ఎమూనా. మిగతా చోట్ల మనం విశ్వాసం అని అనువదించుకునే మాటే అది. ఇద్దరు పట్టుకుంటే కదలకుండా ఉన్న చేతులకు ఆ పేరు పెట్టారు. విశ్వాసం లోపల ఎక్కడో పుట్టే వెచ్చదనమని నేను అనుకుంటూ వచ్చాను. దిండుదీ అదే పని అయితే నాకు అభ్యంతరం లేదు.

ధైర్యం అనే మాట గురించి కూడా ఒక హెచ్చరిక ఆ భాషలోనే ఉంది. యెహోషువకు చెప్పిన హజక్ వెఎమత్స్, నిబ్బరంగా ధైర్యంగా ఉండు, అందులోని హజక్ ధాతువే ఫరో గుండె బిరుసెక్కిందని చెప్పే చోట కూడా వస్తుంది. ధైర్యానికీ మొండితనానికీ ధాతువు ఒకటే. నేను ఏడు నెలలు పగలు మనిషిని పెట్టుకోవడానికి ఒప్పుకోలేదు, మా అమ్మను నేను చూసుకోలేనా అని. దాన్ని ధైర్యమనుకున్నాను. అది ఫరో ధైర్యం. తోరాలో ఒక్కో పుస్తకం చదవడం ముగిసినప్పుడు చాలా సమాజ మందిరాల్లో అందరూ లేచి గట్టిగా చెప్పే మాట ఒకటుంది: హజక్, హజక్, వెనిత్‌హజెక్. గట్టిగా ఉండు, గట్టిగా ఉండు, ఒకరినొకరం గట్టిపరచుకుందాం. మూడో మాటలో నువ్వు పోయి మనం వచ్చింది. ఇప్పుడు మా ఇంటికి పగలు ఒకావిడ వస్తోంది.

ఇదంతా ఒక ఆదివారం అక్కతో చెప్పాను. శ్రద్ధగా విని, "నీకు పుస్తకం కావాలి, అమ్మకు కార్డు చాలు. ఆమె చేతిలోది ఎందుకు లాగుతావు?" అంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. బాధలో ఉన్నవాళ్ళకు ఒక వాక్యం పట్టుకొమ్మ అవుతుంది, నిజమే. ఆ కొమ్మకు చెట్టు ఉందని చెప్పడమే నా పని అనుకుంటాను. ఇంకోటి కూడా ఉంది. కార్డుల మీద ఎప్పటికీ అచ్చుకాని వచనాలు అమ్మకు అవసరమైన రోజులు వచ్చాయి. అదే యిర్మీయా 20వ అధ్యాయంలో నేను పుట్టిన రోజు శపించబడాలి అన్నాడు. 88వ కీర్తన చీకటి అనే మాటతో ముగుస్తుంది, వెలుగు రేఖ ఒక్కటీ లేకుండా. ఆ రెంటినీ గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు. మాట రాక అమ్మ దిండును ఎడమ చేత్తో కొడుతున్న రోజున నేను ఆమెకు 88వ కీర్తన చదివాను. ఆఖరి మాట దాకా విని, మళ్ళీ చదవమని సైగ చేసింది.

యిర్మీయా గురించి ఇంకొక్కటి చెప్పాలి. 32వ అధ్యాయం. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది, పట్టణం కూలడానికి ఎక్కువ రోజులు లేవు. కూలుతుందని చెప్పినందుకే యిర్మీయా చెరసాల ఆవరణలో ఖైదీగా ఉన్నాడు. పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో నా పొలం కొనుక్కో అన్నాడు. ముట్టడిలో ఉన్న దేశంలో, ఖైదీకి, పొలం అమ్మకం! మన దగ్గరైతే ఆ బేరం తెచ్చినవాడికి మతి చెడిందంటారు. యిర్మీయా కొన్నాడు. గ్రంథం ఆ కొనుగోలును రిజిస్ట్రారు ఆఫీసు గుమస్తా అంత ఓపికగా చెబుతుంది. పదిహేడు తులాల వెండి త్రాసులో తూచాడు. దస్తావేజు మీద సంతకం చేశాడు, ముద్ర వేశాడు, సాక్షులను పిలిచాడు. ముద్ర వేసిన ప్రతి ఒకటి, విప్పి ఉన్న ప్రతి ఒకటి. రెండూ లేఖకుడు బారూకుకు ఇచ్చి, చాలాకాలం పాడవకుండా మట్టి కుండలో పెట్టమన్నాడు. ఈ దేశంలో మళ్ళీ ఇళ్ళూ పొలాలూ కొంటారు కాబట్టి.

అంతా అయ్యాక, అప్పుడు, ప్రార్థనలో అడిగాడు: పట్టణం శత్రువుల చేతిలో పడుతుంటే నన్ను పొలం కొనమన్నావేమిటి? ముందు పని, తర్వాత సందేహం. నా అనుభవంలో మనుషులు సరిగ్గా ఇలాగే నడుస్తారు. సందేహం తీరాక పని మొదలుపెడదామనుకున్నవాళ్ళు ఏ పొలమూ కొనలేదు.

మేం కొన్నది పొలం కాదు, మూడు స్టీలు కడ్డీలు. మంచం దిగగలదో లేదో తెలియని రోజుల్లోనే, మంచం నుంచి బాత్రూము దాకా గోడకు కడ్డీలు బిగించాలనుకున్నాం. అద్దె ఇల్లు. యజమాని గోడకు రంధ్రాలు పెడితే ఒప్పుకోనన్నాడు, తర్వాత నిమ్మళించి, ఖాళీ చేసేటప్పుడు పూడ్చాలని కాగితం రాయించుకుని ఒప్పుకున్నాడు. ఇద్దరు సాక్షులు కూడా! డ్రిల్లింగు పెట్టిన కుర్రాడు మూడో కడ్డీ బిగిస్తూ, "పేషెంటు నడుస్తారా సార్?" అని అడిగాడు. తెలియదు బాబూ, ఎత్తు సరిగ్గా పెట్టు అన్నాను. ఆ రాత్రి పడుకున్నాక, ఇంత ఖర్చు ఎందుకు పెట్టాను దేవుడా అనుకున్నాను.

యిర్మీయా చెప్పిన డెబ్బై ఏళ్ళ ప్రస్తావన తనఖ్ ఆఖరి పేజీలో మళ్ళీ వస్తుంది. యూదుల క్రమంలో చివరి పుస్తకం మలాకీ కాదు, దినవృత్తాంతాలు. లెక్క ఎక్కడినుంచి మొదలుపెట్టాలో అని వ్యాఖ్యాతలు ఇప్పటికీ వాదులాడుకుంటారు గానీ, క్రీ.పూ. 538లో పారసీక రాజు కోరెషు, వెళ్ళదలచినవాళ్ళు యెరూషలేముకు వెళ్ళవచ్చని చాటించాడు. ఆ చాటింపు మధ్యలో పుస్తకం ఆగిపోతుంది. ఆఖరి మాట వెయాఅల్, వాడు ఎక్కి వెళ్ళనీ. చేరినట్టు లేదు, బయలుదేరడంతో అయిపోయింది. వెళ్ళినవాళ్ళు ఆలయానికి పునాది వేసినప్పుడు కొత్తవాళ్ళు సంతోషంతో కేకలు వేశారని, పాత ఆలయం చూసిన ముసలివాళ్ళు ఏడ్చారని, ఏది ఏడుపో ఏది సంతోషమో జనం తేల్చుకోలేకపోయారని ఎజ్రా గ్రంథం చెబుతుంది.

అమ్మ ఇప్పుడు రెండో కడ్డీ దాకా నడుస్తుంది. మూడోది ఇంకా ఎవరూ వాడలేదు. బాబాయి దాన్ని చూసినప్పుడల్లా రెండు నెలలంటాడు.

మొన్న ఉదయం నేను కూరగాయలకు బయలుదేరుతుంటే, అమ్మ మేకు వైపు వేలు చూపించింది. కార్డు తీసి ఇచ్చాను. ప్రార్థన చేసుకుంటుందనుకుని పక్కకు జరిగాను. కాదు, పెన్ను కావాలట. కార్డు బోర్లించి, తెల్లగా ఉన్న వెనకవైపు ఎడమ చేత్తో రాయడం మొదలుపెట్టింది. పావుగంట పట్టింది. చింతపండు. బచ్చలి విత్తనాలు. మూడోది మెతులు అని ఉంది. "సున్న పడలేదమ్మా" అన్నాను. ఒకటో తరగతిలో నా పలక మీద తప్పులు దిద్దిన మనిషి నావైపు ఒక చూపు చూసి, కార్డు వెనక్కి లాక్కుని, సున్న చుట్టి ఇచ్చింది.